చక్రం బేరింగు: పరీక్ష, ఊడదీత

కారు బరువును మోస్తూనే చక్రాన్ని తేలిగ్గా తిరగనిచ్చే ఉక్కు కట్టును చక్రం బేరింగు అంటారు. లోపల ఒక రింగు, బయట ఒక రింగు, రెండింటి నడుమ గాడుల్లో దొర్లే గుండ్లు లేదా రోలర్లు, అవి ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా ఎడంగా నిలిపే కేజీ, కొద్దిపాటి గ్రీసు, ఆ గ్రీసును లోపలా దుమ్మును బయటా ఆపే రబ్బరు సీళ్లు: దాని సంసారం ఇంతే. జాకీ మీద లేపిన చక్రం చేతికి బరువుగా తిరిగినా, అసలు తిరగనని మొరాయించినా ముందు వినిపించే మాట 'బేరింగు పట్టేసింది' అని. ఆ మాట నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి గానీ తక్కువ. బిగువు లక్షణమే తప్ప జబ్బు పేరు కాదు. అది బ్రేకు నుంచి రావచ్చు, గేరుబాక్సు నుంచి రావచ్చు, ఆఖరుకు ఏ లోపమూ లేని కొత్త బేరింగు నుంచి కూడా రావచ్చు. అందువల్ల ఇంటి దగ్గర ఈ పనికి పూనుకునేవారికి పానాలూ పుల్లర్ల కన్నా ముందు కావలసింది అనుమానితుల్ని ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ వచ్చే ఓపిక. ఊడదీయడమే కష్టమని అందరూ భయపడతారు. నిజానికి డబ్బూ శ్రమా ఎక్కువ వృథా అయ్యేది ఊడదీయనక్కర్లేనిదాన్ని ఊడదీసినప్పుడు.

తెలుగునాట ఈ సమస్య కారుతో మొదలైనది కాదు. ఎద్దుబండి చక్రం నడుమ కుండ ఉంటుంది, కుండలోంచి ఇరుసు దూరుతుంది, చక్రం జారిపోకుండా ఇరుసు చివర కడచీల దిగ్గొడతారు. కుండకూ ఇరుసుకూ మధ్య దొర్లే వస్తువేదీ లేదు. రెండూ రాసుకుంటూనే తిరుగుతాయి. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి పెట్టే కందెనే ఆ రాపిడికి మందు. సుమతీ శతకం ఈ కందెన సంగతిని కరణాల మీద చెప్పిన పద్యంలో వాడుకుంది, కాబట్టి ఇరుసు ఎండితే బండి నడవదన్నది చదువుకున్నవాళ్లకూ తెలిసిన విషయమే. అయితే ఐదడుగుల బండి చక్రం ఎద్దు నడకకు నాలుగు సెకన్లకో చుట్టు తిరుగుతుంది. 145/80 ఆర్12 టైరున్న చిన్న కారు చక్రం గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 10 చుట్లు తిరుగుతుంది. కిలోమీటరుకు సుమారు 590 చుట్లు, 50,000 కిలోమీటర్లకు మూడు కోట్లు. ఆ వేగానికి కందెన చాలదు, రాసుకోవడం మాని దొర్లడం మొదలుకావాలి. వేల్సులోని కార్మార్తెన్‌లో ఇనుప కార్ఖానా నడిపిన ఫిలిప్ వాన్ బండి ఇరుసులో గుండ్లు పెట్టే పద్ధతికి 1794లో పేటెంటు తీసుకున్నాడు. పారిస్‌లో జూల్ సురిరే 1869లో సైకిలు చక్రానికి గుండ్ల బేరింగు పెట్టాడు. గుర్రపు బళ్లు తయారు చేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో అమెరికాలో కోసురోలర్ల బేరింగుకు పేటెంటు పొందాడు. మలుపులో చక్రం మీద పడే పక్కతోపును కూడా మోసే ఆ బేరింగు ఇవాళ్టికీ ట్రాక్టర్ల ముందు చక్రాల్లో, ట్రాలీల్లో, జీపుల్లో ఉంది. మన దగ్గర రబ్బరు టైర్ల బండి వచ్చినప్పుడు బేరింగు కూడా దాంతోపాటే పల్లెకు చేరింది.

హైదరాబాదుకు ఈ వస్తువుతో ఇంకో బంధుత్వం కూడా ఉంది. మౌలాలీలో ఇండో నిప్పన్ ప్రెసిషన్ బేరింగ్స్ పేరుతో పుట్టిన కర్మాగారం తర్వాత హెచ్‌ఎంటీ బేరింగ్స్ అయింది. నష్టాల్లో కూరుకుపోయిన దాన్ని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. ఇప్పుడు అంగడిలో దొరికేవి ఎక్కువగా జైపూర్, పుణె, వడోదర వంటిచోట్ల కర్మాగారాలున్న కంపెనీల సరుకు, కొంత దిగుమతి, ఇంకొంత ఆ పేర్లే అచ్చేసుకున్న నకిలీ.

ఇక బేరింగులను చెడగొట్టే రోడ్ల సంగతి. వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని మన్నెగూడ దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చే పాత బీజాపూర్ రోడ్డు చీలుతుంది. ఒక పాయ పరిగి, కొడంగల్ వైపు, ఇంకొకటి వికారాబాద్ మీదుగా తాండూరు వైపు. తాండూరు అంటే నాపరాయి గనులు, బండలు కోసి నునుపుపెట్టే పాలిషింగ్ యూనిట్లు, కరన్‌కోటలోని సీసీఐతో సహా సిమెంటు కర్మాగారాలు, వాటికోసం తిరిగే లారీలు. ఆ లారీలు చితక్కొట్టిన రోడ్ల మీదే కార్లూ నడవాలి. ఈ ప్రాంతంలో బేరింగులు పోవడానికి రాతిపొడే కారణమని తేలిగ్గా అనేస్తారు. ఇందులో సగమే నిజం. తాండూరు నాపరాయి సున్నపురాయి జాతిది, అందులో ప్రధాన ఖనిజమైన కాల్సైటు గట్టిదనం మోస్ కొలమానంలో 3 మాత్రమే. బాగా పదునుపెట్టిన బేరింగు ఉక్కును అది గీయలేదు. గీసేది మట్టిలోని ఇసుక రేణువు, అంటే క్వార్ట్‌జు, దాని గట్టిదనం 7. రాతిపొడి చేసే హాని వేరు: కోతయంత్రాల నీళ్లతో బురదై, రోడ్డు మీద పారి, సీలు పెదవికీ ఉక్కుకూ మధ్య పేరుకుని రబ్బరును అరగదీస్తుంది. అరిగిన సందులోంచి నీరు పోతుంది, ఇసుకా పోతుంది. కంది పండే నల్లరేగడి బురద సంగతీ ఇంతే. అది చక్రం లోపలి పక్క ముద్దలా అంటుకుని, ఎండి, మళ్లీ తడిసి, సీలును రోజుల తరబడి తేమలో ఉంచుతుంది.

గుంతలది ఇంకో రకం దెబ్బ. బేరింగు ఆయుష్షును లెక్కగట్టే సూత్రంలో బరువు మూడో ఘాతంలో ఉంటుంది. గుండ్ల బేరింగు మీద బరువు రెట్టింపయితే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతు. ఐదుగురు కూర్చోవలసిన కారులో ఏడుగురు కూర్చుని డిక్కీలో రెండు కందిపప్పు బస్తాలు వేసుకుని పోవడం టైరుకు కనిపించే ఇబ్బంది, బేరింగుకు కనిపించని ఇబ్బంది. నిలబడి ఉన్న బేరింగు ఎంత బరువు తట్టుకుంటుందో నిర్ణయించడానికి అంతర్జాతీయ ప్రమాణం పెట్టుకున్న హద్దు ఏమిటంటే, గుండు వ్యాసంలో పదివేల వంతు సొట్ట. 12 మిల్లీమీటర్ల గుండుకు అది 0.0012 మిల్లీమీటరు. మనిషి వెంట్రుక మందం దానికి యాభై రెట్ల పైమాటే. కంటికి ఆనని ఆ సొట్ట దాటితే చాలు, బేరింగు పాడటం మొదలుపెడుతుంది. తారు లేచిపోయిన గుంతలో వేగంగా పడిన చక్రం ఒక్క దెబ్బలో ఆ పని చేయగలదు, సుత్తె కూడా.

చెడిపోయే క్రమాన్ని గమనిస్తే బిగువు ఎందుకు నమ్మదగ్గ సాక్ష్యం కాదో తెలుస్తుంది. ముందు సీలు ఓడుతుంది, గ్రీసు పలచబడి తుప్పురంగుకు తిరుగుతుంది. గాడి మీద చుక్కంత గుంట పడుతుంది. గుండ్లు దాని మీదుగా దొర్లిన ప్రతిసారీ ఒక చిన్న దెబ్బ తగులుతుంది. పదమూడు గుండ్లున్న బేరింగులో బయటి రింగు మీద గుంట ఉంటే చుట్టుకు సుమారు ఐదు దెబ్బలు. గంటకు 60 కిలోమీటర్లలో సెకనుకు 50. చెవి వాటిని విడివిడి దెబ్బలుగా వినలేదు, ఒకే హోరుగా వింటుంది. చెడిన బేరింగు టకటకమనకుండా విమానం దూరంగా పోతున్నట్టు గుయ్యిమనడానికి కారణం ఇదే. తర్వాత గుంట అంచులు రాలి పెచ్చులవుతాయి, రింగుల మధ్య ఖాళీ పెరుగుతుంది, చక్రం ఆడుతుంది. అంటే బేరింగు చెడేకొద్దీ మామూలుగా వదులవుతుంది గానీ బిగియదు. గ్రీసు మాడిపోయి, కేజీ విరిగి, గుండ్లు ఒకదానిమీదొకటి ఎక్కినప్పుడే నిజంగా బిగుస్తుంది. ఆ దశకు వచ్చిన కారును మెకానిక్కు దాకా 'మెల్లగా' నడిపించుకుపోవడం కూడా తగదు. చక్రాన్ని బిగించే హబ్బు కాలిపోవచ్చు, చక్రమే ఊడి రావచ్చు. వారాల తరబడి ఏ మోతా లేకుండా ఉన్న కారు ఒక పొద్దున చక్రం కదలనంటే, బేరింగును చివరి అనుమానితుడిగా పెట్టుకోవాలి.

మొదటి అనుమానితుడు బ్రేకు. వానాకాలంలో వారం రోజులు హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేసిన కారు వెనక డ్రమ్ముల్లో షూలు తుప్పుతో అంటుకుంటాయి. కేబులు తొడుగులో తుప్పుపడితే లీవరు దించినా బ్రేకు వదలదు. ముందు చక్రాల్లో క్యాలిపర్ జారే పిన్నులు గ్రీసెండి పట్టేస్తాయి, లేదా పిస్టను వెనక్కి రాదు, లేదా బ్రేకు గొట్టం లోపల ఉబ్బి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఈ చివరిదాన్ని తేల్చడం సులువు: బ్లీడరు నిపిలు కొద్దిగా వదులు చేయగానే నాలుగు చుక్కల నూనె చిమ్మి చక్రం తేలికైతే తప్పు గొట్టానిదో పైన మాస్టర్ సిలిండరుదో. రెండో అనుమానితుడు గేరుబాక్సు. ముందు చక్రాలతో నడిచే కారులో ఒక్క ముందు చక్రాన్నే లేపి న్యూట్రల్‌లో తిప్పితే డిఫరెన్షియల్ గేర్లూ, గేరుబాక్సులోని ఒక షాఫ్టూ దాంతోపాటే తిరగాలి. చేతికి బరువుగా తగలడం సహజం. వెనక చక్రంతో దాన్ని పోల్చి 'ముందుది బిగిసింది' అనడం తప్పు పోలిక. ఎడమ ముందుదాన్ని కుడి ముందుదాంతోనే పోల్చాలి. ఇక అన్నిటికన్నా మోసం చేసేది కొత్త బేరింగు: చిక్కటి గ్రీసు, గట్టి సీళ్లు, తయారీలోనే ఇచ్చిన ముందుబిగింపు వల్ల చేతిలో తిప్పితే అది జిగటగా, బరువుగా తిరుగుతుంది. కానీ ఆ బరువు చుట్టూరా ఒకేలా ఉంటుంది. చెడింది తేలిగ్గా తిరిగినా సరే, ఒకచోట గరుకుగా, ఒకచోట మెట్టు దిగినట్టు తగులుతుంది. చూడవలసింది బిగువును కాదు, ఆ ఎగుడుదిగుడును. క్యాలిపరూ డిస్కూ తీసేసి, బోడి హబ్బును చేత్తో తిప్పితే తప్ప ఈ తేడా నిక్కచ్చిగా తెలియదు. ఇది ఇంట్లో అరగంట పని.

అనుభవమున్న మెకానిక్కు చెవితోనే చెప్పేస్తాడు గదా, ఇంత తతంగం ఎందుకన్న ఆక్షేపణ ఉంది. చెవికి తెలిసేది హోరు ఉందన్న సంగతి. ఏ చక్రానిదన్నది కాదు. కారు ఒంటి రేకు శబ్దాన్ని ఎటు నుంచి ఎటైనా మోసుకుపోతుంది. వెనక కుడి చక్రం మోత డ్రైవరు కాళ్ల దగ్గర వినిపించడం వింతేమీ కాదు. అందుకే రోడ్డు మీద కొన్ని ప్రశ్నలు వరసగా అడగాలి. హోరు ఇంజను చుట్లను బట్టి మారుతోందా, బండి వేగాన్ని బట్టా? ఖాళీ దారిలో న్యూట్రల్ చేసినా హోరు అలాగే ఉంటే ఇంజను, క్లచ్చు నిర్దోషులు. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు ఎక్కగానే శ్రుతి మారితే అది టైరు. టైరు ఒరిపిడి కూడా బేరింగులాగే పాడుతుంది. అరచేతిని ట్రెడ్డు మీద ముందుకొకసారి వెనక్కొకసారి రాస్తే అలలు అలలుగా తగులుతుంది. ముందు టైర్లు వెనక్కీ వెనకవి ముందుకూ మార్చి చూడండి, హోరు చోటు మారితే బేరింగు జోలికి పోనక్కర్లేదు. వేగాన్ని బట్టే మారి, రోడ్డును బట్టి మారకపోతే అప్పుడు మలుపులను అడగాలి. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీదికి ఒరుగుతుంది. అప్పుడు హోరు పెరిగితే ఎడమది, ఎడమ మలుపులో పెరిగితే కుడిది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్ట ఘాట్ మలుపులు ఈ పరీక్షకు వీలుగా కనిపిస్తాయి గానీ అక్కడ వేగం చాలదు. తిన్నగా పోతూ మెల్లగా వంపు తిరిగే రహదారే మేలు. ఈ పరీక్షా నూటికి నూరు పాళ్లు కాదు. రెండు వరసల గుండ్లున్న బేరింగులో లోపలి వరస చెడితే లెక్క తారుమారు కావచ్చు. కాబట్టి చెవి ఇచ్చేది ఫిర్యాదే, తీర్పు చేయి ఇవ్వాలి.

చేయి పరీక్షకు ముందు జాకీ సంగతి. తాండూరు చుట్టుపక్కల ఇంటి ముందు వాకిలి దాదాపు ఎప్పుడూ బండలు పరచిందే. నునుపు బండ గట్టిదే, కానీ పెళుసు; కింద ఇసుక జారి బోలుగా ఉన్నచోట జాకీ చిన్న పాదం మోపితే పటుక్కున పగులుతుంది, జాకీ పక్కకు ఒరుగుతుంది. కారు కింద ఇటుకలూ బండముక్కలూ పేర్చి ఆపడం ఇంకా ప్రమాదం. జాకీ కింద రెండంగుళాల మందం చెక్క, కారు కింద ఉక్కు స్టాండ్లు, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డుకట్టలు ఉంటే తప్ప ఈ పని మొదలుపెట్టకూడదు. ఇక చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెల దగ్గర పట్టుకుని ఊపాలి. టైరు అంచు ఇరుసు నుంచి అడుగు దూరంలో ఉంటుంది కాబట్టి బేరింగులో వెంట్రుకంత ఖాళీ కూడా అక్కడ పెద్దదై చేతికి తెలుస్తుంది. టక్‌మని ఆడితే ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి: ఆట ఆగిపోతే అది బేరింగులో ఉంది, ఆగకపోతే బాల్‌జాయింటులోనో కింది ఆర్మ్ బుష్షులోనో ఉంది. 9, 3 అంకెల దగ్గరే ఆడి 12, 6 దగ్గర ఆడకపోతే టైరాడ్ చూడాలి. తర్వాత ఒక చేత్తో సస్పెన్షన్ స్ప్రింగు చుట్టను తేలిగ్గా పట్టుకుని రెండో చేత్తో చక్రం తిప్పాలి. చెవికి వినపడని గరగర స్ప్రింగు ద్వారా వేళ్లకు పాకుతుంది. స్ప్రింగు తీగె సన్నని డోలు చర్మంలా పనిచేస్తుందనుకోవచ్చు. హోరు, ఆట, గరుకు ఈ మూడింటిలో కనీసం రెండు ఒకే చక్రాన్ని చూపించాకే పానా పట్టాలి.

ఎలా ఊడదీయాలన్నది బేరింగును ఎలా కూర్చోబెట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది, మన బలాన్ని బట్టి కాదు. అన్నిటికన్నా దయగలవి కోసురోలర్ల బేరింగులు. ట్రాక్టరు ముందు చక్రానికో ట్రాలీకో మూత ఊడదీసి, స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు విప్పితే హబ్బు చేతిలోకి వస్తుంది. పాత గ్రీసు కిరసనాయిలుతో కడిగి, గాడి బాగుంటే కొత్త గ్రీసు అరచేత్తో రోలర్ల సందుల్లోకి ఒత్తి, మళ్లీ బిగించవచ్చు. ఇక్కడ చేసే తప్పు ఒక్కటే, అది చాలా మామూలు తప్పు: నట్టును 'గట్టిగా' బిగించడం. చక్రం తిప్పుతూ బిగించి, రోలర్లు సర్దుకున్నాక కొద్దిగా వెనక్కి వదలాలి. వదలకపోతే నిజంగానే బిగిసిన బేరింగు తయారవుతుంది, దాన్ని తయారు చేసింది మనమే. మారుతి 800, పాత ఆల్టో వంటి చిన్న కార్ల వెనక చక్రాల్లో బేరింగులు డ్రమ్ములోనే ఉంటాయి. హ్యాండ్‌బ్రేకు దించి, మూతా నట్టూ తీసి, డ్రమ్మును పుల్లరుతో లాగాలి. డ్రమ్ము ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలుంటే వాటిలో బోల్టులు సమంగా బిగిస్తూ పోతే అదే బయటికి తోసుకొస్తుంది. డ్రమ్మును చెక్కల మీద బోర్లించి అవతలి పక్క నుంచి ఇత్తడి కడ్డీతో చుట్టూ కొద్దికొద్దిగా కొడితే పాత బేరింగు దిగిపోతుంది. ఈ రెండు రకాలకూ ఇంటి వాకిలి చాలు.

కష్టమంతా ముందు చక్రాల్లో నకిల్‌లోకి ప్రెస్సుతో నొక్కి దించిన బేరింగుతోనే. నకిల్ అంటే స్టీరింగునూ సస్పెన్షన్‌నూ చక్రాన్నీ కలిపే పోత ఇనుప ముక్క. దాని రంధ్రం బేరింగు కన్నా మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులు చిన్నది. ఆ బిగువే బేరింగును పట్టి ఉంచుతుంది, పైన సర్‌క్లిప్ కాపలా. నడిమి నట్టును చక్రం నేల మీద ఉండగానే, బ్రేకు తొక్కించి, గాడిలోకి వంచిన అంచును ముందు లేపి వదులు చేయాలి. ఆ నట్టు బిగింపు మోడల్‌ను బట్టి 150 నుంచి 300 న్యూటన్ మీటర్ల దాకా ఉంటుంది. మీటరు పొడవు గొట్టం పానాకు తొడిగి చివర 20 కిలోల బరువు వేలాడదీస్తే వచ్చేది 200 లోపే. జాకీ మీదున్న కారును అంత బలంతో గుంజితే కారే కిందికి రావచ్చు. తర్వాత చక్రం, క్యాలిపర్, డిస్కు. క్యాలిపర్‌ను తీగెతో స్ప్రింగుకు కట్టాలి, గొట్టానికి వేలాడనివ్వకూడదు. ఏబీఎస్ సెన్సారు ఉంటే ముందే తప్పించాలి. షాఫ్టు కొన మీద కొట్టాల్సి వస్తే నట్టును కొనతో సమంగా తిప్పి పెట్టి, దాని మీద చెక్క అడ్డం పెట్టాలి, లేకపోతే మర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. టైరాడ్, బాల్‌జాయింటు, స్ట్రట్ బోల్టులు విప్పే ముందు వాటి స్థానాలకు సుద్దగీతలు పెట్టుకుంటే తర్వాత అలైన్‌మెంటు మరీ దారి తప్పదు. ఇప్పుడు నకిల్ మొత్తం చేతిలో ఉంటుంది.

ఇంతదాకా వచ్చాక సమ్మెట తెమ్మనేవాళ్లుంటారు. 'ఇన్నేళ్లూ కొట్టే తీశారు, కొట్టే ఎక్కించారు, కార్లు నడవడం లేదా?' అన్న ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. పాత బేరింగు ఎలాగూ పారేసేదే. దాని గుండ్ల మీద ఎంత దెబ్బ పడినా నష్టం లేదు. అయితే దెబ్బ దాని మీదే ఆగదు. ఒక పక్కనే కొడితే రింగు వంకరగా దిగి నకిల్ రంధ్రాన్ని గీరుతుంది, ఆ గీతల్లో కొత్త బేరింగు సరిగా కూర్చోదు. గట్టిపడిన ఉక్కు మీద గట్టి సుత్తె పడితే పెళ్లలు తూటాల్లా లేస్తాయి, కళ్లద్దాలు లేకుండా ఆ పని చేయకూడదు. హబ్బును లాగినప్పుడు లోపలి రింగులో ఒక సగం తరచు హబ్బుకే అంటుకుని వస్తుంది. దాన్ని గ్రైండరుతో హబ్బు లోహానికి తగలకుండా ముప్పాతిక లోతు కోసి, కోతలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే టప్పుమని చీలి జారిపోతుంది. గ్యాస్‌ మంట పెట్టి కాల్చితే త్వరగా వస్తుంది నిజమే, కానీ హబ్బు పదును పోతుంది, గ్రీసుకు మంటలంటుకుంటాయి. కొత్తదాన్ని ఎక్కించేటప్పుడు మాత్రం సమ్మెటకు చోటు లేదు. నియమం ఒక్కటే: ఏ రింగు బిగువుగా కదలాలో బలం ఆ రింగు మీదే పడాలి. నకిల్‌లోకి దించేటప్పుడు బయటి రింగును నొక్కాలి. హబ్బును ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆధారం పెట్టాలి. అటుదిటైతే బలమంతా గుండ్ల గుండా పోతుంది. పైన చెప్పిన పదివేల వంతు సొట్ట అప్పుడే పడుతుంది. కొట్టి ఎక్కించిన కార్లు నడుస్తూనే ఉంటాయి, కాకపోతే ఏడాది తిరక్కుండానే మళ్లీ మోగుతాయి, తప్పు కంపెనీ మీదికి పోతుంది.

ప్రెస్సు లేని ఇల్లు ఏం చేయాలన్నది మిగిలిన ఆక్షేపణ, గట్టిదే. దానికి జవాబు పనిని రెండుగా చీల్చుకోవడం. పరీక్ష, విప్పడం, తిరిగి కూర్చడం ఇంట్లో. ఊడిన నకిల్‌ను గోనెసంచిలో వేసుకుపోయి నొక్కించుకోవడం ప్రెస్సున్న లేత్ షాపులో. బేరింగును మన కళ్లెదుటే ఏ రింగు మీద నొక్కుతున్నారో చూడవచ్చు, అది కూడా లాభమే. కొత్త బేరింగును ఫ్రిజ్జులో గడ్డకట్టే అరలో ఉంచితే కుంచించుకుని తేలిగ్గా దిగుతుందంటారు. లెక్క వేస్తే 72 మిల్లీమీటర్ల ఉక్కు రింగు 27 డిగ్రీల నుంచి సున్నాకు 18 డిగ్రీల దిగువకు పోతే 0.037 మిల్లీమీటరు తగ్గుతుంది. బిగువు అంతకు మించి ఉంటుంది కాబట్టి ప్రెస్సుకు బదులు కాదు, సాయం మాత్రమే. పైగా బయటికి తీయగానే పట్టే చెమటను తుడవకపోతే రంధ్రంలో తుప్పు. ఏబీఎస్ ఉన్న చాలా కార్ల బేరింగుల్లో ఒక సీలు మీద అయస్కాంతపు పట్టీ ఉంటుంది. అది సెన్సారు వైపుకే తిరగాలి, అయస్కాంతపు స్క్రూడ్రైవరును దాని దగ్గరికి పోనివ్వకూడదు. కొత్త నట్టే వేయాలి, నిర్ణీత బిగింపే ఇవ్వాలి. అది బిగించకుండా కారును పక్కకు జరుపుకుందామని చక్రాల మీద దించి తోస్తే రెండు సగాల లోపలి రింగు విడివడి కొత్త బేరింగు ఆ నాలుగడుగుల్లోనే చెడుతుంది. కొత్త తరం కార్లలో బేరింగూ హబ్బూ ఒకే ముక్కగా, మూడు నాలుగు బోల్టులతో వస్తున్నాయి. అవి ఖరీదెక్కువ, పని తక్కువ. తుప్పుతో పట్టేసిన ఆ ముక్కను బోల్టుల్ని సగం వదులు చేసి వెనక నుంచి వాటి తలల మీద మార్చి మార్చి తడితే కదులుతుంది.

ఊడదీసిన పాత బేరింగును చెత్తకుప్పలో వేసే ముందు సీలు చింపి, గ్రీసు తుడిచి, గాడిని వెలుతురులో చూడాలి. గ్రీసు ఎర్రమట్టి రంగులో ఉండి గాడిలో నల్లమచ్చలుంటే నీళ్లు పోయాయి. అవతలి చక్రాన్నీ అనుమానించాలి. గుండ్ల ఎడానికి సరిపోయే సమదూరంలో సొట్టలుంటే గుంత దెబ్బ, లేదా కిందటిసారి ఎక్కించిన సుత్తె. ఉక్కు గోధుమరంగుకో నీలానికో తిరిగితే మాడింది, బ్రేకు పట్టేసిందో నట్టు ఎక్కువ బిగిసిందో వెతకాలి. గాడి అద్దంలా మెరుస్తూ, గ్రీసు తేనెలా ఉంటే ఊడదీసింది తప్పు ముక్కను. టైరు మీద అరచేయి రాసి చూడటం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.